13 పౌన్ల కోడి... ఉప్పుగూడ మసాలా!

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగ. ఒవెన్‌లో నిండు టర్కీ కోడి. దానికి పట్టించే మసాలా మాత్రం పాతబస్తీది! పిల్లలు అక్కడ, వంట తెలిసిన అమ్మలు ఇక్కడ. మరి ఆరు కిలోల కోడిని ఫోన్‌లో చెప్పి వండించడం అయ్యే పనేనా?

ఆదివారం పొద్దున ఆరు గంటలు. ఉప్పుగూడ స్టేషన్ మీదుగా ఫలక్‌నుమా వైపు రైలు కూత పెట్టుకుంటూ వెళ్తోంది. పాలప్యాకెట్ మూల కత్తిరిస్తున్న అమ్మ ఫోన్ మోగింది. డాలస్ నుంచి కూతురు. అక్కడ ఇంకా శనివారం సాయంత్రం ఆరున్నరే.

''అమ్మా... 13 పౌన్ల కోడి తెచ్చినం. గురువారం ఆఫీసోళ్లు పది మంది భోజనానికి వస్తున్నరు. ఎట్ల వండాలె?''

''13 పౌన్లంటే ఎంత బిడ్డా?''

''ఆరు కిలోలమ్మా.''

''ఆరు కిలోలా! అది కోడా, మేకపిల్లా?''

''టర్కీ కోడి. ముక్కలు కొట్టొద్దట, నిండుగనే కాల్చాలెనట. ఇప్పుడైతే రాయి లెక్క గడ్డకట్టి ఉన్నది.''

అమ్మ ఓ క్షణం మాట్లాడలేదు. పాలు పొయ్యి మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇది పొయ్యి దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే వంట కాదని ఆమెకు అర్థమైపోయింది.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈ సన్నివేశాన్ని ఊహించుకోవడం కష్టమేమీ కాదు. నవంబరు వచ్చిందంటే అక్కడి సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్ల నిండా టర్కీలే. కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి ఏడాది ఎవరింటికో అతిథులుగా వెళ్తారు. ఉప్పూ మిరియాలూ తప్ప మరేమీ తగలని ఆ మాంసాన్ని మర్యాద కోసం నాలుగు ముక్కలు తింటారు. రెండో ఏడాదో మూడో ఏడాదో... 'ఈసారి మా ఇంటికి రండి' అని పిలుస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది!

అమ్మ కొలతలు పనిచేయని చోటు

ముప్పయ్యేళ్లుగా కోడికూర వండుతున్న చేయి అమ్మది. కిలోన్నర కోడి, చిన్న ముక్కలు, నూనెలో వేగిన ఉల్లిపాయ, మూత పెట్టి పావుగంట. ముక్క ఉడికిందో లేదో గరిటెతో నొక్కితే తెలిసిపోతుంది. ఉప్పు సరిపోయిందో లేదో వాసనే చెప్పేస్తుంది. ఆరు కిలోల నిండుకోడి దగ్గర ఈ గుర్తులేవీ పనిచేయవు. పైన బంగారు రంగు తిరిగి ఘుమఘుమలాడుతుంటుంది. తొడ కీలు దగ్గర ఇంకా పచ్చిగానే ఉంటుంది. అది ఉడికేదాకా ఉంచుదామంటే రొమ్ము మాంసం ఎండిపోయి పీచులా తయారవుతుంది.

పొరపాటు జరిగితే పోయేది రుచి ఒక్కటే అయితే ఫర్వాలేదు. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. సగం ఉడికిన మాంసం తింటే పది మంది అతిథులూ పండగ మర్నాడు ఆస్పత్రి దారి పట్టాల్సి వస్తుంది. మొదటిసారి ఇంటికి నలుగురిని పిలిచిన ఆడపిల్లకు అంతకన్నా పెద్ద తలవంపు ఏముంటుంది?

ఈ భయం మనవాళ్లది మాత్రమే కాదు. అమెరికన్లకూ టర్కీ ఏడాదికోసారి వచ్చే పరీక్షే. అందుకే బటర్‌బాల్ అనే టర్కీల కంపెనీ 1981లో ఓ ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. అప్పట్లో ఆరుగురు గృహవిజ్ఞాన నిపుణులు కూర్చుని 'మా కోడి ఇంకా గడ్డకట్టే ఉంది, ఏం చేయాలి?' అని అడిగేవాళ్లకు సమాధానాలు చెప్పేవారు. ఆ సేవ దశాబ్దాలు దాటి కొనసాగింది. 1985లో అమెరికా వ్యవసాయ శాఖ కూడా మాంసం, కోళ్ల వంటకాల మీద ఇలాంటి హాట్‌లైనే పెట్టింది. కంపెనీకీ సర్కారుకీ ఫోన్ చేసేవాళ్లు అటు... ఉప్పుగూడకు ఫోన్ చేసేవాళ్లు ఇటు!

పేరు టర్కీ... ఊరు మెక్సికో!

అసలీ కోడి కథే ఓ తమాషా. టర్కీ దేశానికీ దీనికీ పుట్టుకతో ఏ సంబంధమూ లేదు. ఇది ఉత్తర అమెరికా ఖండపు పక్షి. మెక్సికో ప్రాంతవాసులు రెండువేల ఏళ్ల కిందటే దీన్ని మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ల ఓడలెక్కి ఐరోపా చేరింది. తూర్పు దేశాల సరుకంతా టర్కీ వర్తకుల చేతుల మీదుగా వచ్చే రోజులవి. దాంతో ఇంగ్లిషువాళ్లు దీన్నీ ఆ ఖాతాలోనే వేసి 'టర్కీ కోడి' అనేశారు. ఫ్రెంచివాళ్లు 'ఇండియా కోడి' అనే అర్థం వచ్చేలా పిలిచారు. మరి టర్కీలో ఏమంటారో తెలుసా? 'హిందీ' అంటారు! పోర్చుగీసువాళ్లకేమో ఇది 'పెరు'. ఎవరికి వారు పక్కవాడి ఊరి పేరు పెట్టేసుకున్నారన్నమాట.

మన దేశానికి ఇది కొత్త చుట్టమేమీ కాదు. మొఘల్ చక్రవర్తి జహంగీర్ 1612లో వింత వస్తువులు కొనుక్కురమ్మని ముకర్రబ్ ఖాన్ అనే అధికారిని గోవాకు పంపాడు. ఆయన తెచ్చిన వింతల్లో ఓ టర్కీ కూడా ఉంది. దాని తల, మెడ ఘడియకో రంగు మారడం చూసి ఊసరవెల్లి గుర్తొచ్చిందని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దాని బొమ్మ గీయమని ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌ను పురమాయించాడు. ఆ బొమ్మ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇక అమెరికా పండగ విషయానికొస్తే... 1621లో ప్లిమత్ వలసవాసులు, అక్కడి స్థానిక తెగవారు కలిసి తిన్న పంటల విందును దీనికి మూలంగా చెబుతారు. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ దేశమంతా ఒకేరోజు జరుపుకోవాలని ప్రకటించాడు. ఏటా నవంబరు నాలుగో గురువారం అని 1941లో చట్టం వచ్చింది. ఆ పూట బల్ల మధ్యలో నిండు టర్కీ ఉండాల్సిందే.

మనకూ ఉంది ముసల్లం

ఉప్పుగూడకు తిరిగొద్దాం. కూతురి ఫోన్ పెట్టేయగానే అమ్మ చేసిన మొదటి పని... పక్కింటి ఖాలా తలుపు కొట్టడం. హిందువులూ ముస్లింలూ గోడకు గోడ ఆనుకుని బతికే గల్లీల్లో వంటింటి సందేహాలకు ఇంతకన్నా దగ్గరి హాట్‌లైన్ లేదు.

''ఖాలా, నిండుకోడిని ఎట్ల వండుతరు?''

''ముర్గ్ ముసల్లం బేటీ! ఏమైంది, అల్లుడొస్తున్నడా?''

ముసల్లం అంటే చెక్కుచెదరకుండా నిండుగా ఉన్నదని అర్థం. కోడిని ముక్కలు చేయకుండా గాట్లు పెట్టి, పెరుగూ మసాలా పట్టించి, పొట్టలో ఉడికించిన గుడ్లో కీమానో జీడిపప్పో కూరి, కాళ్లు దారంతో కట్టేసి, మూతపెట్టి సన్నసెగ మీద వండుతారు. నవాబుల విందుల్లో దీనిది పెద్దపీట. అక్బర్ కాలం నాటి విశేషాలను అబుల్ ఫజల్ రాసిన 'ఐన్-ఇ-అక్బరీ'లోనూ 'ముసమ్మన్' అనే వంటకం ఉంది. కోడి ఆకారం చెడకుండా మెడ దగ్గర నుంచి ఎముకలన్నీ తీసేసి వండేవారట!

అంతకంటే వెనక్కి వెళ్తే కల్యాణి చాళుక్యుల దగ్గరకు చేరతాం. 12వ శతాబ్దంలో మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం'లో మాంసానికి మసాలాలు పట్టించి శూలాలకు గుచ్చి కాల్చడం, జంతువును నిండుగా కాల్చడం లాంటివన్నీ ఉన్నాయి. ఆ రాజధాని కల్యాణి... ఇప్పటి బసవకల్యాణ్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరే.

అంత దూరం ఎందుకు? ఉప్పుగూడ చుట్టుపక్కల చూసినా చాలు. ఒక స్టేషన్ అవతల ఫలక్‌నుమా. కొండ మీద ప్యాలెస్‌లో ఒకేసారి 101 మంది కూర్చుని తినగలిగే భోజనాల బల్ల. 2010 నుంచి అది తాజ్ హోటల్. ఇటు చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల బస్తీ. మండీ పేరు చెబితే నగరమంతా అటే చూస్తుంది. పెద్ద మాంసాన్ని ఓపికగా, సన్నసెగ మీద వండే విద్య ఈ చుట్టుపక్కల గాలిలోనే ఉంది. కాబట్టి, ఉప్పుగూడ అమ్మకు టర్కీ మరీ అంత పరాయిదేం కాదు. పెద్దపెట్టున పెరిగిన ముసల్లం... అంతే!

ముందు గడ్డ కరగాలి

''బయట పెట్టు బిడ్డా, పొద్దటికి కరుగుతది...'' అని అమ్మ అనబోయిన మాటే మొదటి ప్రమాదం. కిలో చికెన్ ప్యాకెట్ సంగతి వేరు. ఆరు కిలోల గడ్డను వంటింటి గట్టు మీద పెడితే లోపల ఐసు ఐసులాగే ఉంటుంది. ఈలోపు పైభాగం గది వేడికి వచ్చేస్తుంది. 4 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. లోపలి గడ్డ కరిగేసరికి బయట వాటి కాపురం స్థిరపడిపోతుంది!

అందుకే ఫ్రిజ్‌లోనే కరిగించాలి. ప్రతి రెండు కిలోలకు సుమారు ఒక రోజు లెక్క. అంటే ఆరు కిలోలకు మూడు రోజులు. శనివారం సాయంత్రం ఫ్రిజ్ కింది అరలో, లోతైన పళ్లెంలో పెడితే మంగళవారం సాయంత్రానికి సిద్ధం. అంత సమయం లేదంటే కవరుతో సహా చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ ఉండాలి. అరకిలోకు అరగంట చొప్పున 13 పౌన్ల కోడికి ఆరున్నర గంటలు. పండగ రోజు పొద్దున లేచి ఈ పని పెట్టుకున్నారంటే అతిథులకు పప్పన్నమే గతి.

కరిగాక పొట్టలోకి చేయి పెట్టి చూడటం మరవొద్దు. మెడ, గుండె, కందనకాయ లాంటివి చిన్న సంచిలో కట్టి లోపలే పెడతారు. తీయకుండా ఒవెన్‌లో పెట్టేసి నాలుక్కరుచుకునేవాళ్లు ఏటా ఉంటారు.

కడగాలా... వద్దా?

తల్లీకూతుళ్ల మధ్య అసలు పేచీ ఇక్కడే.

''ఉప్పు, పసుపు వేసి మంచిగ కడుగు.''

''ఇక్కడ కడగొద్దంటరమ్మా.''

''కడగకుండ వండుతరా? ఛీ!''

మన ఇళ్లలో కోడిని నాలుగు నీళ్లు పోసి కడగనిదే మనసొప్పదు. బజారులో కళ్లముందు కోసి ఇచ్చిన కోడికి ఈకలూ రక్తమూ అంటుకుని ఉంటాయి కాబట్టి ఆ అలవాటుకు అర్థం ఉంది. శుభ్రం చేసి ప్యాక్ చేసిన టర్కీ సంగతి వేరు. దాన్ని కుళాయి కింద పెడితే నీటి తుంపర్లతో పాటు బ్యాక్టీరియా కూడా సింకులోకీ, గట్టు మీదకీ, పక్కనున్న కొత్తిమీర కట్ట మీదకీ చేరుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ 2019లో వెల్లడించిన ఓ అధ్యయనంలో... కోడిని కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో ఆ తర్వాత బ్యాక్టీరియా కనిపించింది. సింకును శుభ్రం చేశామనుకున్నవాళ్లలోనూ 14 శాతం మంది సింకుల్లో అది అలాగే ఉండిపోయింది. కడిగితే పోనిది వేడికి చస్తుంది. అందుకని కాగితం తువ్వాలుతో లోపలా బయటా తడి అద్దేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. తడి లేకపోతే తోలు కరకరలాడుతుంది కూడా. మనసు ఒప్పక కడిగితే మాత్రం సింకునూ గట్టునూ సబ్బునీళ్లతో తోమి, ఆపైన క్రిమిసంహారక మందుతో తుడవాల్సిందే.

ఎంత ఊరినా మసాలా పైపైనే!

రెండు రోజులు ఊరబెడితే మసాలా ఎముక దాకా వెళ్తుందనుకుంటాం. నిజానికి వెళ్లేది ఉప్పు ఒక్కటే. ఉప్పు కణాలు చిన్నవి. మెల్లగా మాంసం లోపలికి పాకి, అక్కడి ప్రొటీన్లను వదులు చేసి, ఉడికేటప్పుడు నీరు బయటికి పోకుండా పట్టి ఉంచుతాయి. ఎండిపోయే గుణమున్న రొమ్ము మాంసానికి ఇదే ప్రాణం. కారం, ధనియాలు, గరం మసాలా, అల్లంవెల్లుల్లి మాత్రం పైనుంచి కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి.

మరి రుచి లోపలికి చేరేదెలా? మన పాతవాళ్లు దానికి దారి ఎప్పుడో కనిపెట్టారు... గాట్లు! తొడల మీద లోతుగా గాట్లు పెట్టి మసాలా దూర్చాలి. రొమ్ము దగ్గర గాట్లు పెడితే రసం కారిపోతుంది. అక్కడ తోలుకూ మాంసానికీ మధ్య వేళ్లు పోనిచ్చి, సంచిలా వదులు చేసి, ఆ లోపల మసాలా ముద్ద పూయాలి. పైన తోలుకు నెయ్యి మాత్రం రాస్తే చాలు.

పెరుగులోని పులుపు మాంసాన్ని నెమ్మదిగా మెత్తబరుస్తుంది. రాత్రంతా ఉంచినా ఫర్వాలేదు. పచ్చిబొప్పాయి సంగతి అలా కాదు. అందులోని పపైన్ అనే ఎంజైమ్‌కు చేతివాటం ఎక్కువ. కబాబుల మటన్‌కు బాగుంటుంది కానీ, కోడికి పట్టించి రాత్రంతా వదిలేస్తే పైపొర గుజ్జయిపోతుంది. నిమ్మరసం కూడా ఎక్కువైతే అంతే. అందుకే ఖాలా సలహా... ''బొప్పాయి వద్దు బేటీ. పెరుగు, ఓపిక. బస్.''

ఇంకో ముఖ్యమైన మాట. అమెరికాలో అమ్మే చాలా టర్కీలకు కంపెనీవాళ్లే ఉప్పునీళ్లు ఎక్కించి పంపుతారు. కవరు మీద ఆ సంగతి రాసి ఉంటుంది. అలాంటిదానికి మళ్లీ చేతినిండా ఉప్పు పట్టించారో... అతిథులు మంచినీళ్ల సీసాలు ఖాళీ చేయాల్సిందే! దానికి మసాలా ముద్దలో చిటికెడు వేస్తే సరిపోతుంది.

సూది చెప్పే మాట

ఒవెన్‌ను 163 డిగ్రీల సెల్సియస్ (అక్కడి లెక్కలో 325 ఫారన్‌హీట్) దగ్గర పెట్టుకోవాలి. అంతకన్నా తక్కువ వేడి మంచిది కాదు. పొట్టలో ఏమీ కూరని ఆరు కిలోల కోడికి మూడు నుంచి మూడుముప్పావు గంటలు పడుతుంది. పెరుగు, కారం తొందరగా నల్లబడతాయి కాబట్టి మొదట్లో అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి ఉంచి, చివరి ముప్పావు గంటలో తీసేస్తే రంగు సరిగ్గా వస్తుంది. గంటకోసారి పళ్లెంలోకి కారిన నెయ్యి, రసం పైన పోస్తుంటే సరి. ఊరికే తలుపు తెరిచి చూస్తుంటే మాత్రం వేడంతా పోతుంది.

ఉడికిందని తెలిసేదెలా? 'గుచ్చితే తెల్లటి నీళ్లు రావాలి' అనే పాత గుర్తును పూర్తిగా నమ్మలేం. ముక్క రంగు కూడా మోసం చేస్తుంది. నమ్మదగినది ఒక్కటే... మాంసానికి గుచ్చే థర్మామీటర్. తొడ లోపలి భాగంలో, రెక్క కీలు దగ్గర, రొమ్ములో మందంగా ఉన్నచోట... మూడుచోట్లా గుచ్చాలి. సూది ఎముకకు తగలకూడదు. మూడుచోట్లా 74 డిగ్రీలు (165 ఫారన్‌హీట్) చూపిస్తే గండం గట్టెక్కినట్టే. పొట్టలో కీమా, గుడ్లు కూరి ఉంటే వాటి మధ్యలోనూ అంతే వేడి రావాలి. కొత్తవాళ్లు కూరకుండా వండటమే క్షేమం. కీమా విడిగా వండి పక్కన వడ్డిస్తే ఎవరు కాదంటారు?

బయటికి తీయగానే కోయకూడదు. కనీసం 20 నిమిషాలు కదపకుండా ఉంచితే రసం మళ్లీ మాంసంలో సర్దుకుంటుంది. ఆ కాస్త సమయంలో అన్నం వార్చేయొచ్చు, రైతా కలిపేయొచ్చు.

ఇక్కడే తల్లీకూతుళ్ల వంట ఒక్కటవుతుంది. మసాలా పాళ్లు, ఉల్లిపాయ ఏ రంగుకు వేగాలి, నెయ్యి ఎప్పుడు పోయాలి... ఇవి అమ్మకు తెలిసినట్టు ఏ సూదికీ తెలియవు. ఆరు కిలోల కోడి తొడలోపల ఏం జరుగుతోందో సూదికి తెలిసినట్టు అమ్మకు తెలియదు. ఎవరి పని వాళ్లు చేస్తే పది మందీ కడుపునిండా తిని చల్లగా ఇంటికెళ్తారు.

మన గల్లీలో ఒవెన్ ఎక్కడ?

పిల్లలు సరే, ఉప్పుగూడలో ఉన్నవాళ్లు ఇది తినాలంటే? ఇక్కడ టర్కీ దొరకడం కష్టం, దొరికినా పట్టే ఒవెన్ ఇంట్లో ఉండదు. దానికి పాతబస్తీ దగ్గర పాత ఉపాయమే ఉంది... బేకరీ భట్టీ!

రంజాన్ వచ్చిందంటే పిండి, నెయ్యి, చక్కెర పట్టుకెళ్లి ఇచ్చి ఇంటి బిస్కెట్లు కాల్పించుకోవడం ఇక్కడ అలవాటు. మొహర్రంలో దమ్ కే రోట్. అటు సికింద్రాబాద్, రాంనగర్ వైపు డిసెంబరులో క్రిస్మస్ కేకు పిండి గిన్నెలతో బేకరీల ముందు వరుస కడతారు. ఇటుకల భట్టీలో కట్టెలు మండించి, నిప్పులు పక్కకు లాగేశాక నేల, గోడలు పట్టి ఉంచుకున్న వేడి మెల్లగా తగ్గుతూ వస్తుంది. బిస్కెట్లు దిగిపోయాక మిగిలిన ఆ వేడి నిండుకోడికి సరిగ్గా సరిపోతుంది. అన్ని బేకరీలవాళ్లూ మాంసం ఒప్పుకోరు. తెలిసినవాళ్లను ముందే అడిగి, మూతగిన్నెలో పెట్టి ఇవ్వడం మర్యాద.

భట్టీ కూడా కుదరకపోతే ఖాలా పద్ధతే దిక్కు. కిలోంబావు కోడికి మసాలా పట్టించి, మందపాటి గిన్నెలో నెయ్యి వేసి, నాలుగు వైపులా ఎర్రగా తిప్పి, మిగిలిన మసాలా పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తాలి. కింద పెనం, మూత మీద నాలుగు నిప్పులు. సన్నసెగ మీద సుమారు గంట. పిండి పగలగొట్టి మూత తీయగానే వచ్చే ఘుమఘుమకు గల్లీ చివరి ఇంటివాళ్లు కూడా 'ఇయ్యాల ఏంది విశేషం?' అని అడగాల్సిందే!

మర్నాడు టర్కీ బిర్యానీ

పది మంది తిన్నా ఆరు కిలోల కోడి ఖాళీ కాదు. దాన్ని బల్ల మీదే వదిలేసి కబుర్లలో పడితే మళ్లీ ప్రమాదం. రెండు గంటల్లోపు మాంసం ఎముకల నుంచి విడదీసి, చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. తెల్లారి అన్నంలో కలిపి దమ్ వేస్తే బిర్యానీ. ఎముకలు మిరియాలతో మరిగిస్తే షోర్బా. పీచులా చీల్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయిస్తే చపాతీల్లోకి వేపుడు. మొదటిరోజు ముట్టుకోని పిల్లలు కూడా బిర్యానీకి మాత్రం రెండోసారి పళ్లెం చాపుతారు.

శనివారం నుంచి గురువారం దాకా...

ఆరు కిలోల టర్కీకి (కంపెనీవాళ్లు ఉప్పునీళ్లు ఎక్కించనిది) కావాల్సినవి: ఉప్పు 60 గ్రాములు, గట్టి పెరుగు ముప్పావు కిలో, అల్లంవెల్లుల్లి ముద్ద 150 గ్రాములు, ఎర్రగా వేయించిన పెద్ద ఉల్లిపాయలు 4, కారం 4 పెద్ద చెంచాలు, ధనియాల పొడి 3 పెద్ద చెంచాలు, గరం మసాలా 2 పెద్ద చెంచాలు, పసుపు 2 చిన్న చెంచాలు, బాదం లేదా సారపప్పు 50 గ్రాములు, నిమ్మకాయలు 2, నెయ్యి 150 గ్రాములు, కాస్త కుంకుమపువ్వు.

శనివారం: కోడిని ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి.

మంగళవారం సాయంత్రం: తడి అద్ది, లోపలా బయటా తోలు కిందా ఉప్పు రాసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి.

బుధవారం సాయంత్రం: మిగిలినవన్నీ (నెయ్యి తప్ప) మెత్తగా నూరి తోలు కిందా, తొడల గాట్లలో, పొట్టలో పట్టించాలి. పచ్చిమాంసానికి తగిలిన మసాలాను తర్వాత చట్నీలో కలపకూడదు.

గురువారం: రెక్కల కొసలు వెనక్కి మడిచి, కాళ్లు దారంతో కట్టి, నెయ్యి రాసి 163 డిగ్రీల ఒవెన్‌లో పెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం అంటే పొద్దున ఎనిమిదిన్నరకల్లా లోపల ఉండాలి.

శుక్రవారం తెల్లవారుజామున ఉప్పుగూడలో మళ్లీ ఫోన్ మోగుతుంది. అక్కడ గురువారం మధ్యాహ్నం. తెర మీద ముందు ఎర్రగా, నెయ్యితో మెరిసిపోతున్న కోడి, దాని వెనక కూతురి మొహం.

''మూడుచోట్ల గుచ్చి చూసినవా?'' అమ్మ మొదటి ప్రశ్న.

''చూసినమ్మా. 75, 76, 75.''

''ఇగ ఉడికింది తియ్.''

అంత పొద్దున్నే ఖాలాను లేపడం బాగుండదని అమ్మ కాసేపు ఆగుతుంది. ఆరింటి రైలు వెళ్లిపోయాక మాత్రం ఆగలేక తలుపు కొడుతుంది. ఫొటో చూసిన ఖాలా కళ్లజోడు సవరించుకుని, వేళ్లతో తెరను పెద్దది చేసి, తొడ దగ్గర గాట్లను పరీక్షగా చూస్తుంది.

''ముసల్లమే'' అని తేల్చేస్తుంది. ''బేటీకి చెప్పు, వచ్చేటప్పుడు ఆ సూది ఒకటి తెమ్మను.''